మూతి బిగిసిన రైఫిల్

"మా తాతగారి జోడు గొట్టాల తుపాకీకి మడమ పగిలింది నాయనా. వాల్‌నట్ చెక్క దొరుకుతుందా?"

వేన్ డెల్లింగర్ చేతిలో ఆకురాయి ఆగింది. కౌంటరు ముందు నిలబడ్డ ముసలావిడకి నడుం వంగిపోయింది. తలకి పువ్వుల రుమాలు, చేతిలో మాసిన సంచి. బిటర్‌రూట్ లోయలో ఇలాంటి ముసలమ్మలు తరచూ కొట్టుకి వస్తుంటారు. మొగుడు పోయాక తుపాకీ అమ్మడానికొకరు, ఎలకల మందు అనుకుని నూనె డబ్బా కొనడానికొకరు. కానీ ఈ ప్రశ్నని ఇదే మాటల్లో అడిగినవాళ్లు వచ్చి చాలా కాలమైంది.

"వాల్‌నట్ అయిపోయిందండీ. చెర్రీ ఉంది."

"చెర్రీ మా తాతగారికి గిట్టేది కాదు."

వేన్ వెళ్లి తలుపు మీద బోర్డు తిప్పి గడియ పెట్టాడు. వెనక్కి తిరిగేసరికి ముసలావిడ నడుం నిటారుగా అయిపోయింది. రుమాలు తీసి బల్ల మీద పడేసి, అతను తాగుతున్న కాఫీ కప్పు అందుకుని ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. ఆల్మా స్ట్రిక్‌ల్యాండ్. వాషింగ్టన్‌లో వేన్‌కి పై అధికారి. ఊరికి అతను తుపాకుల మెకానిక్కు. ఆవిడకి మాత్రం ఏజెంటు.

"కాఫీ ఘోరంగా ఉంది."

"మీరిచ్చే జీతానికి ఇదే ఎక్కువ మేడమ్."

ఆవిడ నవ్వలేదు. సంచిలోంచి బొటనవేలంత లావున్న ఉక్కు ముక్క ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. పక్కలకి చీలికలున్న ముక్క. "ఇదేంటో చెప్పు."

"మజిల్ బ్రేకు. రైఫిల్ గొట్టం మూతికి మరలో బిగిస్తారు. పేలినప్పుడు గ్యాసు పక్కలకి పోతుంది, తుపాకీ భుజాన్ని అంతగా తన్నదు."

"అచ్చం ఇలాంటిదే ఈ ఊళ్లో ఒక రైఫిల్ మూతికి ఉంది. దాని గోడలు డొల్ల. డొల్ల నిండా పేలుడు మందు. మీట నొక్కగానే అది కూడా పేలుతుంది." ఆవిడ వేలితో తన మొహం చుట్టూ ఒక సున్నా గీసింది. "చూసినవాళ్లందరూ తుపాకీ పగిలి చచ్చాడనుకుంటారు. పాపం, ప్రమాదం అంటారు."

"ఎవరి రైఫిలు?"

ఆవిడ కప్పు కింద పెట్టి అతని మొహంలోకి చూసింది. ఆ చూపులోనే వేన్‌కి పేరు తెలిసిపోయింది.

ఎమిల్ టాబర్. అసలు పేరు అది కాదు. అతను పుట్టిన దేశంలో విషవాయువులు తయారు చేసే ప్రయోగశాలకి పెద్దగా ఉండి, ఒకరోజు మనసు విరిగి, తెలిసినదంతా అమెరికా చేతిలో పెట్టి పారిపోయి వచ్చాడు. అమెరికా అతనికి కొత్త పేరిచ్చి, మోంటానాలోని ఈ హామిల్టన్ ఊళ్లో ఇల్లిచ్చి, కనిపెట్టుకుని ఉండడానికి ఒక స్నేహితుణ్ణి కూడా ఇచ్చింది. ఆ స్నేహితుడు వేన్. ఎమిల్‌కి ఇల్లు ఎవరిచ్చారో తెలుసు. స్నేహితుణ్ణి ఎవరిచ్చారో తెలియదు. చేపలు పట్టే చోట తగిలిన పరిచయమనే ఇన్నేళ్లుగా అనుకుంటున్నాడు.

"బ్రేకు బిగించింది సెలెస్ట్" అంది స్ట్రిక్‌ల్యాండ్.

సెలెస్ట్ మోరో మిజూలాలో ఇళ్లూ స్థలాలూ అమ్మే అందగత్తె. పొడుగాటి మనిషి, పొగరంగు కళ్లు, ఆమె పక్కన నడిస్తే ముసలి ఎమిల్ కూడా మీసం దువ్వుకునేవాడు. ఎమిల్‌ని చంపడానికి ఆ దేశపు ముఠా పంపితే వచ్చింది. వచ్చిన కొన్నాళ్లకే స్ట్రిక్‌ల్యాండ్‌కి కబురు పెట్టి ఇటువైపు తిరిగింది. అప్పట్నుంచి ముఠా గుట్టు కొంచెం కొంచెం చెబుతూ వస్తోంది. ఆమె డబుల్ ఏజెంటని శాఖలో తెలిసింది ముగ్గురికే, అందులో వేన్ ఒకడు.

"వాళ్ల మనిషి పక్కన నిలబడి బిగించమన్నాడట. తప్పించుకోలేక బిగించి, ఆ రాత్రే నాకు ఫోన్ చేసింది. రేపు ఊరి కాల్పుల పోటీలో ఎమిల్ దాంతోనే కాలుస్తాడు. ఈలోగా నువ్వు దాన్ని ఊడదీసి, ఈ మంచి బ్రేకు పెట్టు. తుపాకీ మామూలుగా పేలుతుంది. మందు తేమెక్కిందని ముఠా అనుకుంటుంది. సెలెస్ట్ మీద అనుమానం రాదు."

"ఎమిల్‌కి ఒక్కమాట చెబితే సరిపోయేదానికి..."

"చెబితే ఆయన రేపు కాల్చడు. ఎందుకు కాల్చలేదని వాళ్లు ఆరా తీస్తారు. తెలిసింది సెలెస్ట్ ఒక్కదానికే. ఆమె ఇంకొన్నాళ్లు ఉంటే ముఠా నాయకుడి దాకా పోతాం వేన్."

"ఊడి రాకపోతే?"

స్ట్రిక్‌ల్యాండ్ రుమాలు మళ్లీ తలకి కట్టుకోవడం మొదలుపెట్టింది. ముడి వేస్తూ, అద్దంలో చూసుకుంటూ చెప్పింది.

"రాకపోతే ఆయన కాలుస్తాడు. నువ్వు అడ్డు రావు. ఇది ఆర్డరు."

వేన్ ఆకురాయి చేతిలోకి తీసుకున్నాడు. దాని పళ్లలో ఇరుక్కున్న ఇనపరజను గోటితో గీకాడు.

"అలాగే మేడమ్" అన్నాడు.

ఆ మాట అంత సులువుగా ఎలా వచ్చిందో అతనికే అర్థం కాలేదు.

* * *

ఎమిల్ మధ్యాహ్నం భోజనాల వేళకి రైఫిల్ కేసు ఒక చేతిలో, గుడ్డ చుట్టిన గిన్నె ఒక చేతిలో పట్టుకుని వచ్చాడు. రేపటి పోటీకి ముందు రైఫిలు మీది దుర్భిణి ఒకసారి సరిచూస్తానని వేన్ పొద్దునే ఫోన్ చేశాడు. అబద్ధం ఆడటానికి పెద్దగా కష్టపడాల్సిన పనే పడలేదు.

"దుర్భిణి తర్వాత చూద్దువు గాని, ముందు ఇది తిను. క్యాబేజీ ఉడకబెట్టి అందులో జింక మాంసం పెట్టి చుట్టాను. నువ్వు చిక్కిపోయావయ్యా. పెళ్లాం లేని మనిషికి వంటా రాకపోతే ఎలా?"

"మీరున్నారుగా."

"నేనెన్నాళ్లుంటాను? నాకు అరవై ఎనిమిది."

వేన్ నోట్లో ముద్దని కాఫీతో దింపుకున్నాడు.

ఎమిల్ కేసు తెరిచి రైఫిలు బయటికి తీశాడు. గొట్టం చివర కొత్త బ్రేకు తళతళ మెరుస్తోంది. కొత్త ఉంగరం చూపించే పెళ్లికూతురిలా దాన్ని వెలుగులోకి తిప్పాడు. "సెలెస్ట్ ఇచ్చింది, పుట్టినరోజుకి. భుజం నొప్పని నేను మూలుగుతుంటే విందట. ఈ వయసులో నాకోసం ఒకరు ఆలోచిస్తున్నారంటే నమ్మగలవా?"

"మంచి బ్రేకే."

"మంచిదే కాదు, ఖరీదైనది." ఎమిల్ గొంతు తగ్గించాడు. "రేపు పోటీ అయ్యాక ఆమెని పెళ్లి మాట అడుగుదామనుకుంటున్నాను. నవ్వకు. తోడు పెళ్లికొడుకువి నువ్వే. నాకిక్కడ ఇంకెవరున్నారు?"

వేన్ నవ్వలేదు. ఎమిల్ చేతుల వైపు చూశాడు. విషం కలిపి, ఆ తర్వాత విషం గుట్టు బయటపెట్టిన చేతులు. ఇప్పుడు గిన్నె మీద గుడ్డని మడత చెదరకుండా సర్దుతున్నాయి. తను ఇంత దగ్గరగా కూర్చుని, అతని కూడు తింటూ, అతనికి అక్కర్లేని విషయాలన్నీ మాట్లాడి, అక్కరైన ఒక్కటీ చెప్పకుండా ఉన్నాడు. వృత్తి ఇదే కదా అనుకున్నాడు. ఇన్నేళ్లూ అదే అనుకుంటూ వచ్చాడు. ఇవాళ మాత్రం ఆ మాట మనసుకి ఆనలేదు.

"రైఫిలు ఇక్కడే ఉంచండి. పొద్దున వచ్చి తీసుకెళ్లండి" అన్నాడు.

"ఉంచక ఏం చేస్తాను? ఇంటికి తాళం వేసుకునే నేను, నీ కొట్లో ఏది పెట్టినా వెనక్కి తిరిగి చూడను."

ఎమిల్ వెళ్లిన కాసేపటికి సెలెస్ట్ వచ్చింది. నల్లకళ్లద్దాలు, ఒంటెరంగు కోటు, చేతిలో ఇంటి స్థలాల కాగితాలు. అవి బల్ల మీద పరిచి, కిటికీలోంచి ఎవరైనా చూస్తే బేరమాడుతున్నట్టు వేలు పెట్టి చూపిస్తూ మాట్లాడింది.

"మరలకి ఎర్ర జిగురు పూశాను. అదే సీసా ఇచ్చారు. వట్టి చేత్తో రాదు. మంట చూపిస్తే జిగురు మెత్తబడి వదులుతుంది."

"మంటా? లోపల మందుంటే?"

"మామూలు వేడికి పేలదట. తూటా గ్యాసు దెబ్బ తగిలితేనే. వాళ్ల మనిషి చెబుతుంటే విన్నాను." ఆమె కళ్లద్దాలు తీసింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "ఎలాగైనా తీసెయ్యండి వేన్. ఆయన నన్ను బంగారంలా చూసుకున్నాడు. రేపు నేను ఆయన పక్కనే నిలబడతాను, ఎవరికీ అనుమానం రాకుండా. మీకు చేతకాకపోతే ఇద్దరం పోతాం."

ఆ మాట వేన్ గుండెకి తగిలింది. ఈమెకున్న తెగువ తనకి లేదే అనుకున్నాడు.

* * *

తలుపులేసుకుని పని మొదలుపెట్టాడు. ముందు తూటా లేదని రెండుసార్లు చూసుకున్నాడు. గొట్టం చుట్టూ తోలు ముక్క చుట్టి, జారకుండా గుగ్గిలం పొడి చల్లి, బల్లకున్న వైసు ఇనప దవడల మధ్య బిగించాడు. పట్టు ఎప్పుడూ గొట్టానికే ఉండాలి. మడమని పట్టుకుని మూతిని తిప్పితే మధ్యలో ఉన్న రైఫిలు మెలి తిరుగుతుంది. బ్రేకు చదును వైపులకి పానా తగిలించి, మెల్లగా బరువు మోపాడు.

కదల్లేదు.

ఇంకాస్త మోపాడు. పానా పిడి వంగినట్టయింది గానీ బ్రేకు రాయిలా ఉంది. నుదుటి చెమట తుడుచుకున్నాడు. లోపల మందున్న ఉక్కు మీద సుత్తి వేయడానికి లేదు. సెలెస్ట్ చెప్పిందే దారి. గ్యాసు టార్చి వెలిగించి మంట నీలంగా సన్నం చేశాడు. ఇది వందలసార్లు చేసిన పని. మంట బ్రేకు దగ్గరికి తెచ్చి, వెలుగు పడటంతో, అలవాటు కొద్దీ అతుకు వైపు చూశాడు.

బ్రేకుకీ గొట్టానికీ మధ్య సన్నటి గీతలో బయటికి పొంగి ఎండిన జిగురు కనిపించింది. ఎరుపు కాదు. తెల్లగా, బూడిద పొడిలా.

వేన్ టార్చి ఆర్పేశాడు.

అది పింగాణీ జాతి జిగురు. బాగా వేడెక్కే తుపాకుల కోసమే పుట్టింది. ఎంత మంట పెట్టినా వదలదు, ఉక్కు ఎర్రబడ్డా వదలదు. నీళ్లలో చాలాసేపు నానితేనే మెత్తబడుతుంది. ఈ సంగతి తెలియనివాడు మంట పెడతాడు, రాలేదని ఇంకా పెడతాడు. అంత మంటకి లోపలి మందు ఎంతసేపు ఊరుకుంటుంది?

బకెట్టు నిండా వేణ్ణీళ్లు పోసి, రైఫిలు మూతి కిందికి వచ్చేలా అందులో దించి, గోడకి ఆనించి కట్టాడు. తర్వాత మందు తూచే తక్కెడ అడుగుపలక తిప్పి, లోపల దాచిన ఫోన్ తీశాడు.

"సెలెస్ట్ జిగురు తప్పు చెప్పింది మేడమ్. నేను మంట పెట్టి ఉంటే ఇప్పుడు ఫోన్ చేసేవాణ్ణి కాదు."

"వాళ్లు సీసా మార్చి ఇచ్చి ఉంటారు. ఆమెకి జిగుళ్ల గురించి ఏం తెలుసు?"

"కావచ్చు. కానీ..."

"ఆమె ఇంతవరకు ఒక్క తప్పు కబురు ఇవ్వలేదు. ఊడి వస్తుందా, రాదా?"

"నానాలి. ఎంతసేపో చెప్పలేను. పోటీ ఇంకో వారం వాయిదా..."

"వేన్, ఆర్డరు నీకు గుర్తుంది కదా."

గుర్తుందన్నాడు. అదీ సులువుగానే వచ్చింది.

నీళ్లు చల్లారినప్పుడల్లా మార్చాడు. మార్చినప్పుడల్లా పానా వేసి చూశాడు. కుర్చీలోనే కునుకు తీశాడు. తెల్లారి తలుపు చప్పుడైనప్పుడు కూడా పానా చేతిలోనే ఉంది, బ్రేకు ఉన్నచోటే ఉంది.

ఎమిల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, మీసానికి నూనె రాసుకుని వచ్చాడు. బకెట్టులో తలకిందులుగా ఉన్న తన రైఫిలు చూసి పడీపడీ నవ్వాడు. "ఇదేంటయ్యా, దీనికి జ్వరమొచ్చిందా?"

"మూతి దగ్గర మడ్డి ఉంటే నానబెట్టాను. ఇవాళ నా రైఫిలు తీసుకెళ్లండి ఎమిల్. ఇది ఇంకా..."

"నీ రైఫిలుతో నువ్వే గురి కొట్టలేవు, నేను కొట్టాలా? ఇవ్వు ఇటు. సెలెస్ట్ కొనిచ్చింది పెట్టుకుని కాల్చకపోతే ఏమనుకుంటుంది?"

నిజం గొంతుదాకా వచ్చింది. చెబితే సెలెస్ట్ ప్రాణం పోతుంది. చెప్పకపోతే ఈయన ప్రాణం పోతుంది. ఈ లెక్క తనది కాదు, పైవాళ్లు ఎప్పుడో వేసి పెట్టిన లెక్క. వేన్ రైఫిలు తుడిచాడు, గొట్టం లోపల పొడిగుడ్డ దూర్చి తేమ తీశాడు, కేసులో సర్దాడు. సర్ది, రెండు చేతులతో ఎమిల్‌కి అందించాడు.

ఎమిల్ అతని భుజం తట్టి వెళ్లాడు. వీధి మలుపు దాకా ఈల వినిపించింది. వేన్ పానా, మంచి బ్రేకు జేబులో వేసుకుని, పికప్ ఎక్కి వెనకే బయల్దేరాడు.

* * *

ఊరి బయట కొండ కింద కాల్పుల మైదానం సందడిగా ఉంది. ఒక పక్క మాంసం కాలుస్తున్న పొగ, ఒక పక్క చర్చి ఆడవాళ్లు అమ్ముతున్న, హకల్‌బెర్రీ పళ్లు కూరిన తీపి పైలు. ఆ బల్ల వెనక పువ్వుల రుమాలు కట్టుకుని పైలని ముక్కలు కోస్తున్న ముసలావిడ స్ట్రిక్‌ల్యాండ్. వేన్ చెవులకి తొడుక్కున్న మఫ్‌లలో ఆవిడ గొంతు పలికింది. పక్కవాళ్లకి అవి మామూలు చప్పుడు ఆపే మఫ్‌లే.

"ఊడిందా?"

వేన్ తల అడ్డంగా ఊపాడు.

"అయితే అక్కడే ఉండు. కదలకు."

మైదానం పెద్ద బడ్ హ్యామ్లిన్ మెగాఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. గీత మీద షూటర్లు వరసగా చాపలు పరుచుకుని బోర్లా పడుకున్నారు. ఎమిల్ మధ్యలో ఉన్నాడు. పడుకునే ముందు తల తిప్పి వెనక్కి చూశాడు, ఎవరికోసమో.

వేన్ కూడా చూశాడు. సెలెస్ట్ అతని పక్కన లేదు. వెనక వరసలో కూడా లేదు. చివరికి దూరంగా నిలిపిన పికప్ వెనక కనిపించింది. ఇంజను వైపు. ఇనుము అడ్డం పెట్టుకుని, ఒంటెరంగు కోటు కాలరు పైకి తీసి, తల ఒక్కటే కనిపించేలా.

ఇద్దరం పోతాం అన్న మనిషి.

వేన్‌కి ఒక్కసారిగా అంతా కనిపించింది. తను మంట పెట్టి చస్తే కొట్లో ప్రమాదం. ఎమిల్ కాల్చి చస్తే మైదానంలో ప్రమాదం. ఏది జరిగినా ముందే హెచ్చరించింది సెలెస్టే, ఆమె మాట ఇంకా బరువెక్కుతుంది. ముఠా గుట్టు చెబుతున్నట్టు చెబుతూ ఆమె ఇన్నాళ్లూ స్ట్రిక్‌ల్యాండ్ గుట్టు అటు మోస్తోంది. అలాంటి మనిషిని కాపాడటానికే తను రెండుసార్లు తలూపాడు.

"షూటర్లు సిద్ధం" అన్నాడు బడ్.

వేన్ కదిలాడు.

"వద్దు వేన్" అంది చెవుల్లో గొంతు. "వెనక్కి రా. ఇది ఆర్డరు. వేన్, వింటున్నావా?"

వేన్ మఫ్‌లు తీసి గడ్డిలో పడేశాడు.

"కాల్చండి" అన్నాడు బడ్.

"సీజ్ ఫైర్!" అని వేన్ గొంతు చించుకుని అరిచాడు. "ఆపండి!"

ఆ మాట ఎవరు అరిచినా ఆగాల్సిందే. చిన్నప్పుడే నేర్చుకునే నియమం అది. గీత పొడుగునా చేతులు మీటల మీంచి లేచాయి. ఎమిల్ వేలు కూడా లేచింది, అప్పటికే సగం నొక్కిన మీట మీంచి.

"ఏంట్రా నీ గోల?" అంటూ బడ్ వచ్చాడు.

"ఎమిల్ బ్రేకు వదులుగా ఉంది. తూటా తగిలి ఎగిరిపోతుంది."

"వదులా? నువ్వు కాదూ పొద్దున ఇచ్చింది?" అన్నాడు ఎమిల్, మొహం ఎర్రబడి. అందరి ముందు పరువు పోయినట్టయింది అతనికి. తూటా తీసేసి రైఫిలు అందించాడు. బడ్ బ్రేకుని గుప్పిట్లో పట్టి తిప్పి చూశాడు.

"కొండలా ఉంది కదరా. రాత్రి ఎంత తాగావ్? పక్కకి జరుగు, మళ్లీ మొదలుపెడతాం."

పికప్ వెనక తల ఇంకా అలాగే ఉంది. నిజం అరిస్తే ఆమె బండెక్కి పోతుంది. అరవకపోతే బడ్ మళ్లీ కాల్చమంటాడు. బ్రేకు వదులైనదని నిరూపించడం ఒక్కటే దారి.

"నీ బండి వెనక వైసు ఉందిగా. ఒక్క నిమిషం. ఊడి రాకపోతే ఈ మైదానం మెట్టు మళ్లీ ఎక్కను."

బడ్ గొణిగాడు గానీ దారిచ్చాడు. వేన్ తన తోలు బెల్టు విప్పి గొట్టానికి చుట్టి వైసులో బిగించాడు. జనాన్ని వెనక్కి పొమ్మన్నాడు. ఎమిల్ మాత్రం కదల్లేదు. తన రైఫిలుని ఏం చేస్తాడో చూడాలన్నట్టు పక్కనే నిలబడ్డాడు. పొమ్మనడానికి వేన్‌కి నోరు రాలేదు.

పానా తగిలించి బరువు మోపాడు. కదల్లేదు. కాలు బండికి తన్నిపెట్టి, ఊపిరి బిగబట్టి, కుదుపు లేకుండా, నిలకడగా లాగాడు. అరచేతి చర్మం చిట్లింది. రాత్రంతా తాగిన నీళ్లు ఎక్కడికి పోయాయో ఆ జిగురుకి. బడ్ ఏదో అంటున్నాడు. వేన్ వినలేదు. దేవుడి మీద పెద్దగా నమ్మకం లేని మనిషి, ఆ క్షణాన ఎవరినో క్షమించమని అడిగాడు.

టిక్కుమంది.

వెంట్రుకవాసి తిరిగింది. తర్వాత కొంచెం. అతుకులోంచి తెల్లటి బురద చెమర్చింది. పానా పక్కన పెట్టి వేళ్లతో మెల్లగా తిప్పితే బ్రేకు మరల మీంచి దిగి అతని చేతిలోకి వచ్చింది. మామూలు బ్రేకుకన్నా బరువుగా ఉంది. బడ్ దాన్ని చూసి, వేన్ మొహం చూసి, ఇంకేమీ అడక్కుండా నిప్పులార్పే ఇసక బకెట్టు తెచ్చి పెట్టాడు. వేన్ బ్రేకుని అందులో మెల్లగా దించాడు.

పైలు అమ్మే ముసలావిడ రుసరుసలాడుతూ గబగబా వచ్చింది. చేతిలో కత్తి కూడా మర్చిపోయి తెచ్చింది.

"నీ ఉద్యోగం పోయింది" అంది పళ్ల మధ్య నుంచి.

"సరే. కానీ ఆమె ఎక్కడ నిలబడిందో ఒకసారి చూడండి."

స్ట్రిక్‌ల్యాండ్ చూసింది. గీత, ఎమిల్ పడుకున్న చాప, దూరాన పికప్, దాని ఇంజను, దాని వెనక కోటు. ఆవిడ మొహంలో రంగు దిగిపోయింది. ముగ్గురికే తెలిసిన రహస్యాన్ని పెంచి పోషించింది తనే.

సెలెస్ట్ అప్పటికే కారు వైపు నడుస్తోంది, తొందర లేకుండా, బేరం కుదరని ఇంటి నుంచి వెళుతున్నట్టు. తలుపు తీసేలోగా పైలమ్మే బల్ల దగ్గర తింటున్న ఇద్దరు కుర్రాళ్లు మూతి తుడుచుకుని ఆమెకి చెరోవైపు నిలబడ్డారు. స్ట్రిక్‌ల్యాండ్ దగ్గరికి వెళ్లి మెల్లగా అంది. "రా అమ్మా. జిగుళ్ల గురించి నీకు చాలా తెలిసినట్టుంది. కూర్చుని మాట్లాడుకుందాం."

వాళ్లు ఆమెని తీసుకెళ్లడం ఎమిల్ చూశాడు. ఇసక బకెట్టు చూశాడు. విషవాయువుల లెక్కలు కట్టిన బుర్రకి ఈ లెక్క ఎంతసేపు? నెమ్మదిగా బండి అంచు మీద కూర్చున్నాడు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"నిన్న పొద్దుట్నుంచి."

"చేపల దగ్గర కలిశామే, అది?"

వేన్ తల దించుకున్నాడు.

"ఇవాళ పొద్దున నీ చేత్తో నాకు అందించావు" అన్నాడు ఎమిల్. కోపంగా అనలేదు. ఒక ప్రయోగం ఎక్కడ చెడిందో చూసుకుంటున్నట్టు అన్నాడు. "తుడిచి మరీ ఇచ్చావు."

"ఇచ్చాను."

"నేను అలా వెళ్లిపోతుంటే ఏమనుకున్నావు?"

"ఆర్డరు అనుకున్నాను."

ఎమిల్ కొండ వైపు చూశాడు. "నేనూ ఒకప్పుడు అదే అనుకునేవాణ్ణి" అన్నాడు. లేచి, బ్రేకు లేని రైఫిలు తీసుకుని, గీత మీదికి నడిచాడు. ఆ రోజు ఒక్కడే కాల్చాడు. భుజం మీద పడిన ప్రతి తన్నూ వేన్‌కి కనిపించింది.

* * *

వాషింగ్టన్ నుంచి వేన్‌కి రెండు కబుర్లు వచ్చాయి. ఆర్డరు ధిక్కరించినందుకు ఒక మందలింపు, మైదానంలో చూపిన సమయస్ఫూర్తికి ఒక మెచ్చుకోలు. రెండింటి కిందా స్ట్రిక్‌ల్యాండ్ సంతకమే. ముఠాలో మిగిలినవాళ్లని సెలెస్ట్ పట్టిస్తూ ఉందట. ఈసారి నిజంగానేనా అని వేన్ అడిగితే, ప్రతి మాటనీ రెండుసార్లు తడిపి చూస్తున్నామని జవాబొచ్చింది.

ఎమిల్‌కి మళ్లీ పేరు మారుస్తామన్నారు, ఊరు మారుస్తామన్నారు. ఒప్పుకోలేదు. కొట్టుకి మాత్రం రావడం మానేశాడు. వేన్ రెండుసార్లు అతని ఇంటి ముందు దాకా వెళ్లి, పికప్ దిగకుండానే తిరిగొచ్చాడు. పొయ్యి మీద క్యాబేజీ ఉడుకుతున్న వాసన రోడ్డు మీదికి వచ్చేది.

మొదటి మంచు పడ్డాక ఒకరోజు తలుపు గంట మోగింది. ఎమిల్ రైఫిలు కేసు బల్ల మీద పెట్టాడు. దాని పక్కన కొత్త బ్రేకు. గిన్నె మాత్రం తేలేదు.

"భుజం పనికిరాకుండా పోయింది. ఇది బిగించు."

"పెట్టి వెళ్లండి, సాయంత్రానికి..."

ఎమిల్ కుర్చీ లాక్కుని వైసుకి ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. కోటు విప్పలేదు.

వేన్ గొట్టం బిగించాడు, మరలు తుడిచాడు, కొత్త బ్రేకుని అతని కళ్ల ముందు ఎత్తి, లోపలా బయటా తిప్పి చూపించాడు. ఎమిల్ దాన్ని అందుకుని వెలుగులో పెట్టి చూసి, వాసన చూసి, తిరిగిచ్చాడు. వేన్ చెయ్యి అలవాటుగా జిగురు సీసా మీదికి వెళ్లింది.

"జిగురొద్దు" అన్నాడు ఎమిల్. "చేత్తో బిగించు చాలు. కాల్చే ముందు ప్రతిసారీ నేనే ఊడదీసి చూసుకుంటాను."